తిరగని కారుకు చలాన్ వస్తే
గుంటూరు బ్రాడీపేటలో ఇంటి ముందే నిలిపి ఉన్న మీ కారుకు, బెజవాడ బెంజ్ సర్కిల్ వద్ద సిగ్నల్ దాటినట్లు చలాన్ వచ్చిందని రాశారు. డబ్బు కట్టే ముందు చలాన్‌తో వచ్చిన ఫొటోను పెద్దది చేసి చూడండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఎ ప్రకారం ఉల్లంఘన, నంబరు ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం చలాన్‌లో ఉండాలి. నోటీసు 15 రోజుల్లోపు పంపాలని 2021 నాటి ఆ నిబంధనలో ఉంది.

ఫొటోలోని బండి మీది కాకపోతే కారణం రెండింటిలో ఒకటి. నంబరు చదివే కెమెరా పరారుణ కాంతిలో ప్లేటును ఫొటో తీసి, ఒక్కో అక్షరాన్ని విడదీసి పోల్చుకుంటుంది కాబట్టి, బురద పడినా బోల్టు అడ్డొచ్చినా 3ను 8గా పొరబడవచ్చు. అలాంటి తప్పును ఫిర్యాదు చేసి సరిదిద్దించుకోవచ్చు. నంబరు సరిగ్గా మీదే ఉండి, రంగో మోడలో వేరైతే మాత్రం ఎవరో మీ ప్లేటుకు నకలు చేయించుకున్నట్లే, అది నా దృష్టిలో చలాన్ కంటే పెద్ద ప్రమాదం. అప్పుడు ఆర్‌సీ, మీ కారు ఫొటోలు, ప్లేటుపై లేజర్‌తో చెక్కిన సంఖ్య జతచేసి పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. గుంటూరు–బెజవాడ దారిలోని కాజ టోల్‌గేటు వద్ద ఆ రోజు మీ ఫాస్టాగ్ నుంచి టోల్ కోత లేకపోవడం కొంత బలమే గానీ, అడ్డదారులున్నాయి కనుక దానినొక్కదాన్నే నమ్ముకోవద్దు.