ఊ కొట్టేది ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన హాస్టలు దెయ్యం నవల రాతప్రతి అంది మూడు వారాలయింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతున్నప్పుడు 112వ పేజీ దగ్గర ఆగి, కాగితాలు బల్లమీద బోర్లించి, వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చాను. రెండోసారి 17వ అధ్యాయం ముగించేసరికి నాకు చాలా కోపం వచ్చింది. ఆ భయమూ ఈ కోపమూ రెండూ తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

ముందు ఆ పేజీ సంగతి. హాస్టలు నుంచి మాయమైన పిల్ల ఇంటికి కబురు వెళ్లకూడదని, గదిలో ఆమెకు తోడుండే అమ్మాయి ప్రతి ఉదయం ఆమె తువ్వాలును తడిపి తీగమీద ఆరేస్తుంది. రాత్రి స్టడీ అవర్ ముగిశాక వార్డెను హాజరు పిలిచేటప్పుడు గొంతు మార్చి ఆమె బదులు ‘ప్రెజెంట్ మేడమ్’ అంటుంది. తొమ్మిదో రాత్రి ఈ అమ్మాయి ఇంకా నోరు తెరవకముందే వెనక వరసలోంచి ‘ప్రెజెంట్ మేడమ్’ అని వినిపిస్తుంది. వార్డెను తల ఎత్తకుండానే టిక్కు పెట్టి తరువాతి పేరు పిలుస్తుంది. ఆ పేజీలో గాలి వీచలేదు, కుక్క ఏడవలేదు, ఎవరి వెన్నులోనూ వణుకు పుట్టలేదు. మిగతా నవలలో ఆ వెన్ను వణుకు 23 చోట్ల వచ్చింది. లెక్కపెట్టాను. 22 చోట్ల కొట్టేశాను.

నలుగురు కథకులుంటే పాఠకులు తికమకపడతారా అని అడిగావు. నలుగురు కాదు, పదిమంది ఉన్నా ఎవరూ తికమకపడరు. నీ నవలలో చిక్కు సంఖ్యతో వచ్చింది కాదు. నీ నలుగురూ ఎవరికి చెబుతున్నారో నాకు తెలియలేదు. కరీంనగర్ పిల్లవాడు, శ్రీకాకుళం అమ్మాయి, వార్డెను కూతురు, గదిలో తోడుండే అమ్మాయి, ఈ నలుగురూ అధ్యాయం మొదట్లో తమ పేరు చెప్పుకొని, సభలో మైకు ముందు నిలబడినట్టు ఒకే తెలుగులో మాట్లాడేశారు. బాపు అని పిలవవలసిన పిల్లవాడు నాన్నగారు అన్నాడు. ‘ఏటి’ అనవలసిన పిల్ల ‘ఏమిటి’ అంది. యాస దిద్దుకుంటే సరిపోతుందని అనుకోవద్దు. అదే పిల్లవాడు వార్డెనుతో ఒకలాగా, తల్లితో ఫోనులో ఇంకొకలాగా, తోటివాడి చెవిలో మరొకలాగా మాట్లాడతాడు. వినేవాళ్లను బట్టే గొంతు ఏర్పడుతుంది.

మన ఇళ్లలో కథ ఎలా చెబుతారో గుర్తు తెచ్చుకో. చెప్పేవాళ్లు ఒకరుంటే ఊ కొట్టేవాళ్లు ఒకరుండాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. నలభై ఏళ్లుగా నేను నమ్ముతున్నది ఇదొక్కటే: కథకుణ్ణి రాసే ముందు, అతనికి ఊ కొట్టేది ఎవరో రచయిత తేల్చుకోవాలి. భయం కలిగించే కథకైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే భయపడ్డ మనిషి ఊరికే కథ చెప్పడు, ఎవరినో పట్టుకొని చెబుతాడు.

1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల డ్రాక్యులాను ఈ ఒక్క ప్రశ్నతో మళ్లీ చదువు. రక్తం తాగే కౌంటు డ్రాక్యులా కోటలో చిక్కుకున్న హార్కర్ అనే కుర్ర లాయరు తన దినచర్యను సంక్షిప్తలిపిలో, అంటే షార్ట్‌హ్యాండులో, రాసుకుంటాడు. అదే లిపిలో కాబోయే భార్యకు ఉత్తరం రాసి రహస్యంగా పంపబోతే, చదవలేకపోయిన కౌంటు దాన్ని అతని ఎదుటే దీపంలో కాల్చేస్తాడు. డాక్టర్ సివార్డ్ రాయడు, గొంతు రికార్డు చేసే ఫోనోగ్రాఫులో మాట్లాడుకుంటాడు. కౌంటు బారిన పడిన లూసీ తాను బతకనని తెలిసిన రాత్రి జరిగింది కాగితం మీద పెట్టి, తన శవాన్ని సిద్ధం చేయడానికి వచ్చేవాళ్లకు దొరకాలని రొమ్ము దగ్గర దాచుకుంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఓడ కెప్టెను లాగ్‌బుక్కు. మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటే రాస్తూ వచ్చి, చివరి కాగితాలు సీసాలో పెట్టి బిరడా బిగించి, తన చేతులు చుక్కానికి కట్టుకొని చచ్చిపోతాడు. ఆ సీసా తెరిచే మనిషి ఎవరో అతనికి తెలియదు, కానీ ఒకరు తెరుస్తారనే ఆశతోనే రాశాడు. కాబట్టి చదువుతున్న మనమే ఆ మనిషి స్థానంలో నిలబడతాం. ఇంతమంది గొంతులున్న ఆ పుస్తకంలో కౌంటు రాసినవి హార్కర్‌కు స్వాగతం చెప్పే రెండు మూడు ముక్కల ఉత్తరాల వంటివే. అతనికంటూ ఒక్క అధ్యాయం లేదు.

మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ మొదలుపెట్టేనాటికి ఆమెకు 18 ఏళ్లు, అంటే నీకంటే చిన్నది. 1818లో అచ్చయిన ఆ నవలలో ముగ్గురు చెబుతారు, ఒకరి కథలో ఒకరుగా. ఉత్తర ధ్రువం వైపు ఓడలో బయలుదేరిన వాల్టన్ అక్కకు ఉత్తరాలు రాస్తాడు. ఒక వికృతమైన ప్రాణిని తయారుచేసి ప్రాణం పోసిన విక్టర్, తనలాగా పాడైపోవద్దని వాల్టన్‌ను హెచ్చరించడానికి చెబుతాడు. ఆ ప్రాణి తనకొక తోడును తయారుచేసి ఇమ్మని విక్టర్‌ను బతిమాలడానికి చెబుతుంది. ఒక్కొక్కరికీ ఎదుట ఒక చెవి, లోపల ఒక కోరిక ఉన్నాయి. వాల్టన్ అక్క నుంచి పుస్తకం అంతటా ఒక్క జవాబు కూడా రాదు. ఊ అనేది వినపడని ఆ నిశ్శబ్దం నన్ను ఇప్పటికీ పట్టుకొని ఉంది.

ఇక నీ పిల్లల దగ్గరికి వద్దాం. కరీంనగర్ పిల్లవాడి భాగమంతా ఆదివారం తల్లికి చేసే ఫోను అనుకో. వెనక ఇంకో పదిమంది వరసలో నిలబడి ఉంటారు, పక్కన వార్డెను వింటూ ఉంటుంది, అతనికి దొరికేది ఐదు నిమిషాలు. మూడో అంతస్తు గది సంగతి పైకి చెప్పలేక ‘అన్నం బాగనే ఉన్నదమ్మా, నిద్రే సరిగ పడతలేదు’ అంటాడు. ఆ ఒక్క మాట చాలు. వార్డెను కూతురు తన తల్లి ఉద్యోగం పోకుండా కాపాడుకోవడానికి ప్రిన్సిపాలుకు సంజాయిషీ రాస్తుంది కనుక అబద్ధాలు రాస్తుంది. అవి అబద్ధాలని పక్క అధ్యాయం చదివినవాళ్లకే తెలియాలి. శ్రీకాకుళం పిల్ల ఎవరికి చెబుతుందో నువ్వే తేల్చుకో, ఆమెను నాకంటే నువ్వే ఎక్కువ ఎరుగుదువు. గదిలో తోడుండే అమ్మాయి మాత్రం మాయమైన స్నేహితురాలికే చెబుతోంది. నువ్వు గమనించావో లేదో, 112వ పేజీలో నీ చేయి దానంతట అదే ‘నీ తువ్వాలు’ అని రాసేసింది. ఆ పేజీ పండడానికి కారణం అదే.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు వేసవిలో మా అమ్మమ్మ పెరట్లో మంచాలు వేయించి కథ చెప్పేది. ఒక రాత్రి కథ మొదట్లోనే నేను నిద్రపోయాను. తెల్లవారి ఆమె, ‘రాత్రి చివరిదాకా భలే ఊ కొట్టావురా’ అంది. ఆ రోజు పెరట్లో ఉన్నది మేమిద్దరమే. నేను నిద్రపోయానని చెప్పలేకపోయాను, చెబితే ఆమె కూడా నాలాగే భయపడుతుంది.

దీన్ని కథగా రాసి 1980లలో ఒక వారపత్రికకు పంపాను. అవి చేతబడులు, నిమ్మకాయలు, రక్తపు ముగ్గులు వారంవారం అచ్చవుతున్న రోజులు. సంపాదకుడు పిలిపించి, ‘ఊ కొట్టింది ఎవరో చెప్పకపోతే పాఠకులు ఒప్పుకోరు’ అన్నాడు. అప్పటికి రెండేళ్లుగా నా కథ ఒక్కటీ అచ్చు కాలేదు, ఇంటద్దె బాకీ ఉంది. ఒప్పుకున్నాను. నూతిలో పడి చనిపోయిన పిన్ని దెయ్యమై వచ్చి ఊ కొట్టినట్టు రెండు పేజీలు చేర్చి ఇచ్చాను. కథ బొమ్మతో సహా అచ్చయింది, మనియార్డరు వచ్చింది. అమ్మమ్మ అప్పటికి లేదు కనుక చదవలేదు, అదొక్కటే నాకు ఊరట. ఆ తరువాత అదే సంగతిని ఐదుసార్లు తిరగరాశాను. చేర్చిన రెండు పేజీలు మనసులోంచి పోక, ఒక్కసారీ అది మొదటి రూపానికి రాలేదు. పాఠకులు ఒప్పుకోరని చెప్పిన ఆ సంపాదకుణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు. పాఠకులు చీకట్లో ఊ కొడుతూ ఎంతసేపైనా కూర్చుంటారు.

నీ 17వ అధ్యాయం ఆ రెండు పేజీలే. దెయ్యం తానే కథకురాలై వచ్చి, తాను ఎలా చనిపోయిందో, హాజరుకు ఎందుకు బదులిచ్చిందో పదకొండు పేజీల్లో విడమరచి చెప్పింది. ఆ చెప్పడం ఎవరికి? ఆమెకు ఊ కొట్టేవాళ్లు నీ నవలలో ఎవరూ లేరు. బేతాళుడు దెయ్యమై ఉండి కథలు చెప్పలేదా అని నువ్వు అడగవచ్చు. చెప్పాడు. అయితే అతను చెప్పినవి పరుల కథలు, పైగా భుజాన మోస్తున్న రాజుకు చెప్పాడు. ఆ రాజు తెలిసీ పలకకపోతే తల పగులుతుంది, పలికితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. వినేవాడి నోటికి అంత ముప్పు పెట్టినవాడికి కథ చెప్పే అర్హత ఉంది. నీ దెయ్యం హాజరు పట్టీలో ఒక్క మాట పలికింది. అంతకుమించి ఆమె చేత పలికించవద్దు.

రాతప్రతి పోస్టులో తిరిగి పంపుతున్నాను. 112వ పేజీలో నేను ఎక్కడా పెన్ను పెట్టలేదు. 17వ అధ్యాయం మాత్రం ఆ కట్టలో ఉండదు, నా బీరువాలో ఉంది. అది లేకుండా నవలను ఒక రాత్రి మొదటినుంచి చివరిదాకా పైకి చదువుకో, ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకొని. ఆ తరువాత కూడా కావాలనిపిస్తే ఒక కార్డు ముక్క రాయి, పంపిస్తాను.