అప్‌గ్రేడ్ అయ్యాక అను అక్షరాలు మారిపోతున్నాయి, నలుపు ముద్దగా వస్తోంది. పాత వెర్షన్‌కి వెళ్లిపోవాలా?

విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ చేస్తున్న మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. ఫొటోషాప్, ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్‌కి మారిన దగ్గర్నుంచి శుభలేఖల్లో అను అక్షరాలు (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లవి) అక్కడక్కడా వేరేవి అయిపోతున్నాయి. సన్న నలుపు అక్షరాల చుట్టూ రంగు నీడ పడుతోందని ప్రెస్ వాళ్లు ఫైలు తిప్పి పంపారు. పెద్ద ఫ్లెక్సీ మీద పనిచేస్తుంటే ఫొటోషాప్ దానంతటదే మూసుకుపోతోంది. పాత వెర్షన్ వేసుకోవాలా అని అడిగారు.

చేతిలో ముహూర్తాల పని ఉంటే ఈరోజే పాతది వేసుకోండి, అందులో తప్పేం లేదండి. కానీ కొత్తదాన్ని తీసేయకండి, పక్కన ఉంచండి. మీ మూడు ఇబ్బందుల్లో మొదటి రెండూ సాఫ్ట్‌వేర్‌లో తప్పు వల్ల వచ్చినవి కావు. అప్‌గ్రేడ్ అయినప్పుడు మీరు ఏళ్ల తరబడి సరిచేసుకున్న సెట్టింగులన్నీ కంపెనీ ఇచ్చిన మొదటి స్థితికి వెళ్లిపోయాయి. వాటిని మళ్లీ పెట్టుకోకపోతే వచ్చే ఏడాది అప్‌గ్రేడ్‌లోనూ ఇదే గోల. మూడోది నిజంగా బగ్ అయ్యే అవకాశం ఉంది గానీ, అక్కడ కూడా ముందు చూడాల్సింది వేరే ఉంది.

అను అక్షరాల సంగతి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత కోడ్ ఉండే పద్ధతిలో చేసినవి కావు. ఇంగ్లీషు అక్షరాలు, కొటేషన్ గుర్తులు, యూరోపియన్ అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు పెట్టారు: తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట. మన కంటికి అది తెలుగు. ఇన్‌డిజైన్‌కీ కోరెల్‌డ్రాకీ మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు. సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు అనుకుని సాయం చేయబోతుంది, అక్కడే అక్షరం చెడుతుంది. నిలువు కొటేషన్ గుర్తును వంపు గుర్తుగా మార్చిందంటే ఆ గడిలో ఉన్న ఒత్తు పోయి ఇంకో ముక్క వచ్చి కూర్చుంటుంది. వాక్యం మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్దది చేసిందంటే ఏకంగా హల్లే మారిపోతుంది. ‘లక్ష్మీ ప్రసన్న’లో ఒక ఒత్తు మారిందంటే అది పెళ్లికూతురి పేరు. ఐదొందల కార్డులు పంచాక ఆ తప్పుకి దిద్దుబాటు లేదు. మాట పడేది ఆపరేటరే.

కాబట్టి ముందు ఇవి ఆపేయండి. ఇన్‌డిజైన్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి ‘యూజ్ టైపోగ్రాఫర్స్ కోట్స్’ టిక్ తీసేయండి. ఆటోకరెక్ట్ పేజీలో కూడా టిక్ లేకుండా చూసుకోండి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లో ‘స్మార్ట్ కోట్స్’ తీసేయండి. ఇల్లస్ట్రేటర్‌లో ఇది డాక్యుమెంట్ సెటప్‌లో ఉంటుంది, అంటే ఏ ఫైలుకి ఆ ఫైలే. మీ ఖాళీ టెంప్లేట్‌లోనే తీసి పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కునే పని ఉండదు. కోరెల్‌లో క్విక్‌కరెక్ట్ అనే పేజీ ఉంటుంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేయడం, వరసగా రెండు పెద్ద అక్షరాలొస్తే సరిచేయడం, టైపు చేస్తుండగా మాటలు మార్చడం, కొటేషన్ మార్చడం, ఈ నాలుగింటిలో దేనికి టిక్ ఉన్నా తీసేయండి. ఇన్‌డిజైన్‌లో ఇవన్నీ ఏ ఫైలూ తెరవకుండా చేస్తేనే కొత్త ఫైళ్లన్నింటికీ వర్తిస్తాయి. ఫైలు తెరిచి ఉండగా చేస్తే వీటిలో కొన్ని ఆ ఒక్క ఫైలుతోనే సరి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

అయినా అక్షరాలు చెడుతుంటే విండోస్‌లో రీజియన్ సెట్టింగులు తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో సిస్టం లోకేల్ మార్చే బటన్ నొక్కండి. అక్కడ యూటీఎఫ్-8 కోసం ‘బీటా’ అని ఒక టిక్ ఉంటుంది. యూనికోడ్ తెలుగు బాగా రావాలని ఎవరో చెబితే చాలామంది దాన్ని పెట్టేస్తారు. అది ఉంటే యూనికోడ్ వాడని పాత (ఆన్సీ) ప్రోగ్రాములు అక్షరాల కోడ్లను తప్పుగా చదువుతాయి. తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

మీ పాత ఫాంట్ల ఫోల్డర్లో పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం అన్న ఫైళ్లు ఉంటే అవి టైప్ 1 ఫాంట్లు. వాటిని అడోబీ ఫొటోషాప్‌లో 2021లోనూ, మిగతావాటిలో 2023 జనవరి నుంచీ ఆపేసింది. ఏ సెట్టింగు మార్చినా అవి రావు. పీడీఎఫ్‌లో ఇమిడిపోయి ఉన్నవి ప్రింటవుతాయి గానీ దిద్దడానికి కుదరదు. వాటితో చేసిన పని మిగిలి ఉంటే పాత వెర్షన్‌లోనే ముగించండి.

యూనికోడ్ ఫాంట్లతో, అంటే మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురవరం లాంటివాటితో చేసే పనికి తంటా వేరు. ‘ఆహ్వానం’ అని కొడితే హ పక్కన పొల్లు, దాని పక్కన వా విడివిడిగా పడిందంటే ఫాంటు చెడిపోలేదు, అక్షరాల్ని కలిపి పేర్చే కంపోజర్ మారింది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ పెట్టండి. ప్రిఫరెన్సెస్, అడ్వాన్స్‌డ్ టైప్‌లో డిఫాల్ట్‌గా కూడా అదే పెట్టండి. ఇల్లస్ట్రేటర్‌లో ముందు ప్రిఫరెన్సెస్, టైప్‌లో ‘ఇండిక్ ఆప్షన్స్’ కనిపించేలా టిక్ పెట్టాలి, అప్పుడుగానీ పేరాగ్రాఫ్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ కనిపించదు. ఫొటోషాప్‌లో టైప్ మెనూ, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. పాత టెక్స్ట్ లేయర్ పాత ఇంజిన్‌తోనే ఉండిపోతే ఆ లేయర్‌ని ఎంచుకుని విడిగా మార్చాలి. ఇంకొకటి: ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. వాట్సాప్ నుంచి అతికించినప్పుడు అది జారిపోతే ట కింద వ ఒత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కంపెనీల పేర్లున్న విజిటింగ్ కార్డుల్లో దీన్ని తప్పకుండా చూడండి.

ఏ వెర్షన్ వేసినా పరీక్షకి ఒక్క లైను చాలు, అది మన శుభలేఖ నెత్తిన ఉండేదే: ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’. శ్రీ, స్తు, ఘ్న మూడూ కుదిరితే కంపోజర్ సరిగ్గా ఉన్నట్టు. దాని కింద ‘రాష్ట్ర, జ్ఞాన, లక్ష్మి, ఆర్ద్ర’ కూడా చేర్చండి, మూడేసి హల్లుల కట్టు తేలిపోతుంది. అనులో ఒకసారి, యూనికోడ్‌లో ఒకసారి ఇదే లైను పెట్టిన ఫైలొకటి డెస్క్‌టాప్ మీద ఉంచుకుని, ప్రతి అప్‌డేట్ తర్వాత తెరిచి చూడండి.

ఇక నలుపు. ఇది సన్న అక్షరాల పని చేసేవాళ్లందరి ప్రాణం తీస్తుంది. ఫొటోషాప్ కలర్ సెట్టింగులు మొదటి స్థితికి వెళితే సీఎంవైకే (ప్రెస్‌లో వాడే నాలుగు ఇంకుల పద్ధతి) దగ్గర అమెరికా ప్రొఫైల్ ‘స్వాప్ కోటెడ్ వెర్షన్ 2’ వచ్చి కూర్చుంటుంది. ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల పద్ధతిలో ఉన్న మామూలు నలుపుని దాంతో సీఎంవైకేలోకి మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. మొత్తం 300 శాతం ఇంకు. ఎనిమిది పాయింట్ల అక్షరాన్ని నాలుగు ప్లేట్లతో కొడితే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చుట్టూ ఎరుపో నీలమో కనిపిస్తుంది. ప్రెస్ వాళ్లు చెప్పిన నీడ అదే. వాళ్లు ఫైలు తిప్పి పంపడం మీకు మేలే చేసింది.

మందు ఇది. కార్డు లోపలి మేటర్ ఫొటోషాప్‌లో టైపు చేయకండి. బొమ్మ, బ్యాక్‌గ్రౌండ్ వరకే ఫొటోషాప్. అక్షరాలు ఇన్‌డిజైన్‌లోనో కోరెల్‌లోనో, రంగు నలుపు 100, మిగతా మూడూ సున్నా. ఇన్‌డిజైన్‌లో విండో మెనూ, అవుట్‌పుట్, ‘సెపరేషన్స్ ప్రివ్యూ’ తెరిచి నలుపు ప్లేటు కన్ను మూయండి. అక్షరాలన్నీ మాయమైతే సరిగ్గా ఉన్నట్టు. ఇంకా లేత నీడ కనిపిస్తే అది నాలుగు రంగుల నలుపు. పీడీఎఫ్ అయ్యాక ఆక్రోబాట్ ‘అవుట్‌పుట్ ప్రివ్యూ’లో మరోసారి ఇదే చూడండి. కలర్ సెట్టింగులు సరిచేశాక (కంట్రోల్, షిఫ్ట్, కె) వాటిని మీ షాపు పేరుతో సేవ్ చేసి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. తర్వాతి అప్‌గ్రేడ్‌లో లోడ్ కొడితే చాలు. పాంటోన్ కంపెనీ నంబర్ల రంగులున్న పాత లోగోలుంటే పాత వెర్షన్‌లో తెరిచి, వాటి సీఎంవైకే అంకెలు రాసిపెట్టుకోండి. ఆ రంగుల పుస్తకాల్లో చాలావరకు 2022 చివర్లో అడోబీ నుంచి తీసేశారు.

ఫ్లెక్సీ దగ్గర మూసుకుపోవడానికి ముందు లెక్క చూడండి. 40 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు బోర్డుని 72 రిజల్యూషన్‌లో (అంగుళానికి 72 పిక్సెళ్లు) పెడితే 34,560 బై 8,640 పిక్సెళ్లు. పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెళ్లు దాటి సేవ్ కాదు, పెద్ద ఫైళ్ల రకమైన పీఎస్‌బీగా సేవ్ చేయాలి. సీఎంవైకేలో ఒక్క నిండు లేయరే 1.2 జీబీ దాకా వస్తుంది. నాయకుడి ఫొటో, నీడ, వెలుగు, మాస్కులు కలిపి పది లేయర్లు పెడితే స్క్రాచ్ డిస్కు (ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే చోటు) సీ డ్రైవ్ మీదే ఉండి, అందులో ఖాళీ లేక చచ్చిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్కుని ఖాళీ ఎక్కువున్న వేరే ఎస్‌ఎస్‌డీకి మార్చండి, అప్‌గ్రేడ్‌లో ఇది కూడా సీ డ్రైవ్‌కి తిరిగి వెళ్తుంది. అంత పెద్ద బోర్డుని దూరం నుంచే చూస్తారు కాబట్టి 36 రిజల్యూషన్ చాలు. లేయర్ బరువు నాలుగో వంతుకి, అంటే 300 ఎంబీకి దిగుతుంది.

అదీ కాకపోతే గ్రాఫిక్స్ కార్డు. ప్రిఫరెన్సెస్, పర్ఫార్మెన్స్‌లో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్ తీసి, ఫొటోషాప్ మూసి తెరవండి. ఇబ్బంది ఆగిందంటే తప్పు డ్రైవర్‌ది. ఎన్‌విడియా కార్డయితే గేమ్ రెడీ తీసేసి స్టూడియో డ్రైవర్ వేసి, టిక్ మళ్లీ పెట్టండి. ఆగలేదంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని ఫొటోషాప్ తెరవండి, ప్రిఫరెన్సెస్ చెరిపేయాలా అని అడుగుతుంది, ‘అవును’ అనండి. కోరెల్‌లో ఇదే పనికి ఎఫ్8 పట్టుకుని తెరవాలి. చెరిపే ముందు యాక్షన్లు, బ్రష్‌లు, వర్క్‌స్పేస్ విడిగా సేవ్ చేసుకోవడం మరవకండి. ఇన్ని చేసినా కొత్త ఖాళీ ఫైలులో కూడా అదే చోట మూసుకుపోతుంటే, అప్పుడది బగ్. దానికి మీ చేతిలో ఉన్నది పాత వెర్షనే.

పాతది వేయడానికి క్రియేటివ్ క్లౌడ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘అదర్ వెర్షన్స్’ తెరవండి. సాధారణంగా ఇప్పటి మేజర్ వెర్షన్, దాని ముందుది మాత్రమే ఉంటాయి, అంతకు వెనకవి దొరకవు. అందుకే అప్‌డేట్ చేసేటప్పుడు ‘రిమూవ్ ఓల్డ్ వెర్షన్స్’ టిక్ తీసేయడం అన్నింటికన్నా ముఖ్యం. ఆటో అప్‌డేట్ కూడా ఆపేయండి. కొత్త ఇన్‌డిజైన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. కొత్తదాంట్లోనే ఐడీఎంఎల్‌గా (పాత వెర్షన్లు కూడా తెరవగల ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేసి దాన్ని పాతదాంట్లో తెరవాలి, తెరిచాక లైన్లు విరిగిన చోట్లు ఒక్కొక్కటీ చూసుకోవాలి. కోరెల్‌లో సేవ్ యాజ్ పెట్టెలోనే వెర్షన్ ఎంచుకోవచ్చు. అరండల్‌పేటలోనో వన్‌టౌన్‌లోనో ఉన్న ఫ్లెక్సీ షాపుకి పంపుతుంటే వాళ్ల దగ్గర ఏ వెర్షన్ ఉందో ఫోన్ చేసి అడిగి, కంట్రోల్ క్యూతో అక్షరాల్ని కర్వ్స్ (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలు) చేసి, ఆ వెర్షన్‌లోనే సేవ్ చేయండి. కర్వ్స్ చేయని ఫైలు మీ దగ్గర వేరే పేరుతో ఉండాలి. పేజ్‌మేకర్ ఫైళ్లు మిగిలి ఉంటే వాటిని తెరిచే చివరి ఇన్‌డిజైన్ సీఎస్6.

మళ్లీ అప్‌గ్రేడ్ ఎప్పుడు చేయాలంటే, ఆషాఢంలో. అడోబీ మేజర్ వెర్షన్లు ఎక్కువగా అక్టోబర్‌లో వస్తాయి. మనకది దసరా, దీపావళి ప్రకటనలు, వెంటనే కార్తీకమాసపు పెళ్లిళ్లు, ఆ వెనకే కొత్త సంవత్సరం క్యాలెండర్లు, డైరీలు. ఆ రోజుల్లో వచ్చేది సున్నా వెర్షన్, అందులో తప్పులన్నీ పచ్చిగానే ఉంటాయి. జూన్ చివరికి, జూలైకి అదే మేజర్ వెర్షన్‌కి ఎన్నో దిద్దుబాట్లు వచ్చేసి ఉంటాయి, ఇక్కడ శుభలేఖల పని కూడా ఆగి ఉంటుంది. బట్టల షాపుల ఆషాఢం ఫ్లెక్సీలుంటాయి గానీ వాటిని పాత వెర్షన్‌తో నడిపించేయొచ్చు. పాతది ఉంచి కొత్తది పక్కన వేసి, పరీక్ష లైను చూసి, ఇప్పటికే ప్రింటైన ఒక శుభలేఖని కొత్తదాంట్లో మొదటి నుంచి పీడీఎఫ్ దాకా చేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఈ రాత్రికి ప్రెస్‌కి వెళ్లాల్సిన కార్డులుంటే వాటి జోలికి కొత్త వెర్షన్‌ని రానివ్వకండి. పాత ఇన్‌డిజైన్‌లో తెరిచి, పేర్లు, తేదీ, ముహూర్తం పెళ్లివారిచ్చిన కాగితంతో అక్షరం అక్షరం సరిచూసి, నలుపు ప్లేటు మూసి చూసి, ప్రింటింగ్ కోసమే ఉన్న పీడీఎఫ్ ఎక్స్1ఏ రకంగా పంపండి.