వెల్క్రో జాకెట్టు, బరంపురం పట్టుచీర

చిన్న టైలరింగ్ షాపు ఉంది, దివ్యాంగులకు నచ్చేలా బట్టలు కుట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. బరంపురంలో పదిహేనేళ్లుగా మిషను తొక్కుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ముందు 'దివ్యాంగుల బట్టలు' అన్న మాట మరచిపోండి. దివ్యాంగుల కోసం చేసిన 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. అందరికీ కలిపి ఒకే మోడల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక్క మనిషికి సరిగ్గా కుట్టండి చాలు.

నాకు ఆ మనిషి మా మేనత్త. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక రోజూ కోడలి కోసం కాచుకునేది. నేనేదో పెద్ద తెలివిగా హుక్కులన్నీ పీకేసి, పైనుంచి కిందిదాకా వెల్క్రో వేసిచ్చాను. మెరూన్ జాకెట్టుకి నల్ల వెల్క్రో! "ఏటే ఇది? జాకెట్టా, ఆసుపత్రి కట్టా?" అంది. ఎలాగో ఒప్పించి ఒక పెళ్లికి అదే వేయించాను. పైన కుంభం అంచు బరంపురం పట్టుచీర. భోజనాల దగ్గర పమిట సర్దుకోబోతే గరుకు వైపు పట్టుపోగుల్ని పట్టేసుకుంది. లాగితే చర్రుమని చప్పుడు, అవతలి బంతి దాకా వినపడింది. పమిట మీద జానెడు మేర పోగులు లేచిపోయాయి. నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆవిడ జాకెట్టు తొడుక్కుంటుంటే పక్కన కూర్చుని చూశాను. హుక్కుల సంగతి తర్వాత, తంటా అంతా చంక దగ్గరే. పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని ఆఖరున తియ్యాలి. అందుకని ఎడమ చంకా, చెయ్యీ వదులు పెట్టాను. వెల్క్రో అంగుళం ముక్కలు నాలుగే, జాకెట్టు రంగులో. గరుకు ముక్క పైపట్టీ అడుగున, మెత్తటిది కింది పట్టీ మీద. పైపట్టీని వెల్క్రో కంటే అర అంగుళం ఎక్కువ వెడల్పు చేస్తే గరుకు ఎక్కడా బయటపడదు. పైన ఉత్తుత్తి గుండీలు. ఉతికేటప్పుడు అతికించి ఉతకమనండి, లేదంటే పీచు చేరి వెల్క్రో అతుక్కోవడం మానేస్తుంది.

ఇప్పుడు చంటిపిల్లల తల్లులు కూడా అదే కుట్టమంటున్నారు. మోకాలి పట్టీలూ నడుం బెల్టులూ చేసేవాళ్లకి ఈ ఇంగితం ఎందుకుండదో! అన్నీ అదే పాలిపోయిన రంగు. రోగం వచ్చినంత మాత్రాన మనిషికి మెరూన్ మీద ఇష్టం పోతుందా?

ఇంత చెప్పే నా షాపుకే రెండు మెట్లు, 14 అంగుళాల ఎత్తు. ర్యాంపు పొడవు ఎత్తుకి 12 రెట్లు ఉండాలి, అంటే 14 అడుగులు. నాలుగో అడుగులోనే మురిక్కాలువ. అడ్డదిడ్డంగా జారుడుబల్ల కట్టించడం నాకు ఇష్టం లేదు. అత్త వస్తే టేపు పట్టుకుని నేనే ఆటో ఎక్కుతాను.