సీడీ తిరుగుతోంది, పాట రావడం లేదు: విండోస్ వేసే ముందు ఒక్కసారి ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి

మీరు అడిగింది ఇది: ఉబుంటు అనే లినక్స్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఆడియో సీడీ పెడితే డ్రైవు తిరుగుతోంది, ప్లేయర్‌లో టైమ్ కదులుతోంది, శబ్దం మాత్రం సున్నా. యూట్యూబ్ బాగానే వినిపిస్తోంది. అందరూ లినక్స్ తీసేసి విండోస్ వేయమంటున్నారు, వేయనా అని.

వేయకండి. టైమ్ కదులుతోందంటే సీడీ బాగానే ఉంది, యూట్యూబ్ వినిపిస్తోందంటే స్పీకర్లు, సౌండ్ కార్డు బాగానే ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడో దారి తెగింది, అంతే. దానికోసం మొత్తం సిస్టమ్ మార్చమనేవాళ్లు కాలవలో నీళ్లు రాకపోతే తూము తీసి ఉందో లేదో చూడకుండా కొత్త కాలవ తవ్వమనే రకం. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే అచ్చం ఇదే గొడవ తెనాలిలో మా బాబాయ్ ఇంట్లో జరిగింది.

బాబాయ్ రిటైరైన తెలుగు మాస్టారు. పెన్‌డ్రైవుల్లో వైరస్‌లు ఊరంతా తిరుగుతున్న రోజుల్లో ఆయన కంప్యూటర్‌లో నేనే లినక్స్ వేశాను, కేడీఈ డెస్క్‌టాప్. ఉత్తరాలు టైప్ చేసుకునేవాడు, బజారులో కొన్న ఎంపీ3 సీడీలు పెట్టుకుని పాత పాటలు వినేవాడు, ఏ గొడవా లేదు. గొడవంతా మా తాతగారి హరికథ క్యాసెట్లను స్టూడియోలో ఇచ్చి ఆడియో సీడీలుగా మార్పించాక మొదలైంది. సీడీ పెడితే కేఎస్‌సీడీ అనే చిన్న ప్లేయర్ తెరుచుకుంటుంది, సెకన్లు నడుస్తాయి, మాట వినపడదు. అదే డ్రైవులో ఎంపీ3 సీడీ పెడితే ఇల్లు అదిరిపోతుంది. బాబాయ్ సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు వేరే హార్డ్ డిస్కు తగిలించి, విండోస్ ఎక్స్‌పీలో అదే సీడీ పాడించి చూపించాడట. "చూశారా మాస్టారూ, లినక్స్‌లో సీడీలు పాడవండీ" అని తీర్పు కూడా చెప్పి పంపాడు. ఇక పండక్కి నేను వెళ్లేసరికి ఆ తీర్పు నా నెత్తిన పడింది. "ఒరేయ్, నీ లినక్స్ వల్ల మా నాన్న గొంతు మూగబోయిందిరా" అన్నాడు బాబాయ్, గుమ్మంలోనే.

ఆ కుర్రాడు చూపించింది అబద్ధం కాదు, చెప్పిన కారణమే తప్పు. ఆడియో సీడీ పాడటానికి రెండు దారులున్నాయి. పాత పద్ధతిలో కంప్యూటర్ "పాడు" అని డ్రైవుకు ఆజ్ఞ ఇచ్చి ఊరుకుంటుంది. డ్రైవే సీడీ చదివి, అంకెలను శబ్దంగా మార్చి, వెనక నుంచి ఒక సన్నటి వైరు ద్వారా సౌండ్ కార్డుకు పంపుతుంది. సీపీయూకు ఆ పాటతో సంబంధమే ఉండదు. ఆ వైరు లేదనుకోండి, డ్రైవు తిరుగుతూనే ఉంటుంది, టైమ్ కదులుతూనే ఉంటుంది, పాట డ్రైవులోనే ఉండిపోతుంది. రెండో దారిలో ప్లేయర్ ఆ అంకెలను డేటా లాగా లాక్కుని, మామూలు శబ్దాలు వెళ్లే దారినే పంపుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, ఒక్కోటీ 16 బిట్లు, రెండు చానెళ్లు, అంటే సెకనుకు 1,76,400 బైట్లు. మొదట్లో సీపీయూలకు అదీ బరువే కాబట్టి మొదటి దారి పెట్టారు. ఎక్స్‌పీలో మీడియా ప్లేయర్ మామూలుగా రెండో దారి పట్టేది, ఆనాటి కేఎస్‌సీడీ మామూలుగా మొదటిది పట్టేది. ఎంపీ3 సీడీ అయితే అసలు డేటా సీడీయే, దానికి ఆ వైరుతో పనే లేదు.

బాబాయ్‌కి ఇదంతా చెబితే "కథలు చెప్పకు, మీ తాతే బాగా చెబుతాడు, ఆయన్ని పలికించు" అన్నాడు. ఆ కాలపు డ్రైవులకు ముందువైపు ఒక ఇయర్‌ఫోన్ రంధ్రం, పక్కనే వాల్యూమ్ తిప్పే చిన్న చక్రం ఉండేవి. నా ఇయర్‌ఫోన్ అందులో గుచ్చి ఆయన చెవుల్లో పెట్టి చక్రం తిప్పాను. కాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత, చెవుల్లో అవి పెట్టుకున్నవాళ్లు అరిచినట్టే, వీధికి వినపడేలా "వస్తోందిరా! చిడతలు కూడా వినపడుతున్నాయ్!" అని అరిచాడు. అంటే డ్రైవు పాడుతూనే ఉంది, పాట సౌండ్ కార్డు దాకా చేరడం లేదు.

ఇక క్యాబినెట్ ఊడదీశాం. లోపల వేలెడు దుమ్ము, ఒక మూల బల్లి గుడ్ల పెంకులు. పిన్ని వచ్చి "మళ్లీ బిగించడం వచ్చా నీకు, ఆ సర్వీసు సెంటరువాళ్లను పిలవనా" అని ఒక మాట అనేసి వెళ్లింది. పాత ఐడీఈ డ్రైవు వెనక చూస్తే ఒక చివర కరెంటు ప్లగ్గు, మధ్యలో 40 పిన్నుల వెడల్పాటి రిబ్బను, దాని పక్కన జంపర్లు, ఇంకో చివర నాలుగు సన్నటి పిన్నులు. ఆ నాలుగూ బోడిగా ఉన్నాయి. మదర్‌బోర్డు మీద సీడీ ఇన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులూ అంతే. అసెంబుల్ చేసిన షాపువాడు ఆ వైరు తగిలించనే లేదు! ఈ అసెంబుల్డ్ షాపులతో నాకు ఎప్పుడూ ఇదే మంట. చివరికి మిగిలిపోయే చిన్న వైర్లన్నీ "అవసరం లేదులెండి" అని పక్కన పడేస్తారు, బిల్లులో మాత్రం చిల్లర కూడా వదలరు.

బోసు రోడ్డులో ఒక చిన్న రిపేరు కొట్టులో చచ్చిపోయిన డ్రైవుల డబ్బా కెలికితే ఆ వైరు దొరికింది. తెచ్చి తగిలించాం. అయినా పాడలేదు! బాబాయ్ నా వైపు చూసిన చూపు మీకు చెప్పను. టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైప్ చేసే కిటికీ, తెరిచి ఆల్సామిక్సర్ (alsamixer) అని కొడితే ఒక్కో శబ్దం వాల్యూమ్ చూపే నిలువు పట్టీలు వరసగా వస్తాయి. మొత్తం వాల్యూమ్ అయిన మాస్టర్, మామూలు శబ్దాల పీసీఎం రెండూ పైకే ఉన్నాయి. బాణం మీటతో కుడివైపు జరుపుకుంటూ వెళ్తే సీడీ అనే పట్టీ, దాని కింద ఎంఎం అని కనిపించింది. అంటే నోరు నొక్కేశారని. ఎం మీట నొక్కగానే ఎంఎం పోయి సున్నాలు వచ్చాయి, పైబాణంతో పెంచాను. స్పీకర్ల వాల్యూమ్ అప్పటిదాకా వెతుకులాటలో పూర్తిగా తిప్పేసి ఉంది కదా, తాతగారు ఒక్కసారిగా పాడేసరికి వంటింట్లో పిన్ని చేతిలో గరిటె కింద పడింది.

సరే, మీ సంగతి. మీ డ్రైవు వెడల్పాటి రిబ్బనుదైతే పైన చెప్పిన రెండూ చూడండి, వైరు, ఆల్సామిక్సర్‌లో సీడీ పట్టీ. సన్నటి సాటా వైరుదైనా, యూఎస్‌బీదైనా ఆ నాలుగు పిన్నులు సాధారణంగా ఉండవు, కాబట్టి రెండో దారి ఒక్కటే గతి. అప్పుడు పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే ప్రోగ్రాం వేసుకుని, సీడీ నడుస్తుండగా దాంట్లో ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. మీ ప్లేయర్ పేరే అక్కడ లేకపోతే అది ఇంకా పాత పద్ధతిలో డ్రైవుకు ఆజ్ఞ ఇచ్చి కూర్చుని ఉండొచ్చు. సెట్టింగుల్లో డిజిటల్ అనే మాట ఉంటే అది పెట్టండి, లేదంటే వీఎల్‌సీలో ఓపెన్ డిస్క్‌కు వెళ్లి ఆడియో సీడీ ఎంచుకోండి, దానికి వైరు అక్కర్లేదు. పేరు ఉండి, కింద శబ్దం స్థాయి చూపే గీత కదులుతూ ఉంటే శబ్దం వస్తోంది, పోవాల్సిన చోటికి పోవడం లేదు. శబ్దాలను ఎటు పంపాలో చూసే ఈ పల్స్ ఆడియోకు ఒక పాడు అలవాటు ఉంది, ఏ ప్రోగ్రాంను ఎప్పుడు మ్యూట్ చేశామో, ఏ అవుట్‌పుట్‌కు పంపామో విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. యూట్యూబ్ స్పీకర్లకు వెళ్తుంటే మీ సీడీ ప్లేయర్ మాత్రం స్పీకర్లే లేని మానిటర్‌కు హెచ్‌డీఎంఐ వైరులో పాడుతూ ఉండొచ్చు. అక్కడే పక్కన ఉన్న బటన్‌తో మార్చేయండి.

సీడీని మౌంట్ చేయమని, అంటే ఫోల్డరులా తెరవమని, ఎవరైనా చెబితే వినకండి. ఆడియో సీడీలో ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్ల అమరిక, ఉండదు, రాంగ్ ఎఫ్ఎస్ టైప్ అని ఎర్రర్ వస్తుంది, సీడీ పోయిందని మీరు టెన్షన్ పడతారు. డ్రైవుకు పర్మిషన్ లేదేమో అనేవాళ్లూ ఉంటారు, కానీ పర్మిషన్ లేకపోతే ప్లేయర్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, ఇలా టైమ్ లెక్కపెడుతూ కూర్చోదు. ఒక్క సందర్భంలో మాత్రం తప్పు సీడీదే కావచ్చు, కొన్ని సీడీల్లో మొదటి ట్రాక్ డేటా ఉంటుంది, రెండో ట్రాక్ పెట్టి చూడండి.

"ఈ కాలంలో సీడీ ఏమిటండీ, ఆన్‌లైన్‌లో వినండి" అని మీ ప్రశ్న కింద ఎవరో రాశారు. మా తాతగారి హరికథ ఏ ఆన్‌లైన్‌లో ఉందో ఆ రాసినాయనే వెతికిపెట్టాలి. మీ సీడీ కూడా కొన్నది కాక రైటర్‌తో రాయించుకున్న రకమైతే, పాడగానే ముందు సీడీపారనోయియా అనే ప్రోగ్రాంతో ట్రాకులన్నీ హార్డ్ డిస్కులోకి దించి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా దాచుకోండి. అలా రైటర్‌తో రాసిన సీడీలు ఎండకు, తేమకు పాడైపోతాయి. బాబాయ్ దగ్గరున్నవాటిలో కొన్ని ఇప్పటికే మధ్యలో నత్తిపడుతున్నాయి.

డ్రైవు వెనక నాలుగు పిన్నులు ఉన్నాయా, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ప్లేయర్ పేరు కనిపిస్తోందా, గీత కదులుతోందా, ఈ మూడూ చూసి ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు చెబుతాను.