లైట్ మారలేదు, జ్ఞాపకం పోయింది

జపనీస్ యానిమే ధారావాహిక ‘డెత్ నోట్’ 17వ భాగం నుంచి కథానాయకుడు లైట్ యగామి ఒక్కసారిగా మంచివాడైపోవడం రచనా లోపమా అని మీరు అడిగారు. లోపం కాదండి, నా దృష్టిలో ఆ ధారావాహికలో పాత్రను అత్యంత జాగ్రత్తగా మలిచిన ఘట్టం అదే. మొత్తం 37 భాగాలూ చూశానన్నారు కాబట్టి ఏదీ దాచకుండా రాస్తున్నాను.

హంతకుడన్న అనుమానంతో నిర్బంధంలో ఉన్నప్పుడు లైట్, పేరు రాస్తే ఆ మనిషి చనిపోయే ‘డెత్ నోట్’ పుస్తకంపై హక్కును వదులుకుంటాడు. హక్కు పోతే దానితో ముడిపడిన జ్ఞాపకాలు కూడా చెరిగిపోతాయన్నది కథలోని నియమం. అందువల్ల ఆ తర్వాత మనకు కనిపించేది కొత్త మనిషి కాదు, పుస్తకం చేతికి చిక్కకపోయి ఉంటే ఎలా ఉండేవాడో ఆ లైటే. తెలివి, పట్టుదల అవే. అయితే తనను ప్రేమిస్తున్న మీసాతో ప్రేమ నటించి రహస్యం రాబట్టమని, ఈ కేసును ఛేదిస్తున్న డిటెక్టివ్ ఎల్ సూచించినప్పుడు, ఒకరి మనసుతో ఆడుకోలేనని నిరాకరిస్తాడు. అంతకుముందు అతడు చేసింది సరిగ్గా ఆ పనే!

వీలైతే 24వ భాగాన్ని మరోసారి నిదానంగా చూడండి. హెలికాప్టర్‌లో పుస్తకం తాకగానే జ్ఞాపకాలన్నీ తిరిగొచ్చి కేక పెట్టిన లైట్, కాసేపటికే చేతి గడియారపు మరను నాలుగుసార్లు లాగి, లోపల దాచిన ఆ పుస్తకపు కాగితం ముక్క మీద తన రక్తంతోనే, అప్పటిదాకా పుస్తకాన్ని వాడి పట్టుబడిన హిగుచి పేరు రాస్తాడు. పక్క సీట్లో ఎల్ కూర్చునే ఉంటాడు.