క్యారీ కాగితం చూసి నాన్నగారి ఇల్లు తాకట్టు పెట్టొద్దు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. లండన్‌లో ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థలో (ఇన్వెస్టర్ల డబ్బుతో కంపెనీలు కొని, తర్వాత అమ్మే సంస్థ) స్కిల్డ్ వర్కర్ వీసా మీద పనిచేస్తున్నాను. అసోసియేట్‌గా చేరి మూడున్నరేళ్లయింది, ఇటీవలే వైస్ ప్రెసిడెంట్‌ని చేశారు. ఏడాది జీతం 1,25,000 పౌండ్లు, పోయినసారి బోనస్ 80,000. ఈసారి కొత్త ఫండ్‌లో క్యారీ, అంటే ఫండ్ లాభంలో వాటా, కూడా ఇచ్చారు. ఫండ్ రెండింతలైతే నా వాటా 9 లక్షల పౌండ్లని కాగితంలో ఉంది. ఐదేళ్లలో 1,50,000 పౌండ్ల వరకు కో-ఇన్వెస్ట్ చేయొచ్చన్నారు, అంటే ఆ ఫండ్‌లో నా సొంత డబ్బు పెట్టడం. అందులో సగానికి సంస్థ ఏర్పాటు చేసే బ్యాంకు లోన్, మిగతా సగానికి గుంటూరులో నాన్నగారి ఇంటి మీద లోన్ తీసుకుందామని ఆలోచన. క్యారీ రాగానే రెండూ తీర్చేస్తాను. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, పాపకు రెండేళ్లు. ఇంటికి పంపే 500తో కలిపి నెల ఖర్చు 6,400 పౌండ్లు. బ్యాంకులో 9,000 ఉన్నాయి. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. ఇంటి మీద లోన్ ఎప్పటికీ వద్దు, బ్యాంకు లోన్ ఇప్పుడు వద్దు. మీ ఉత్తరమే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ రంగంలో ఉన్న మనవాళ్లు చాలామంది ప్రమోషన్ రాగానే క్యారీని జీతంలో కలిపి లెక్కేసుకుంటున్నారు. ఆ లెక్క మీద అప్పులు చేస్తున్నారు.

ముందు చేతికొచ్చే డబ్బు చూద్దాం. 1,25,000 జీతంలో ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ పోగా మీకు మిగిలేది ఏడాదికి 78,000, అంటే నెలకు 6,500. ఇంకా పెన్షన్ కోతలు తీయలేదు. ఖర్చు 6,400. నెలాఖరుకు మిగిలేది వంద పౌండ్లు! 80,000 బోనస్‌లో చేతికొచ్చేది 42,000 పైచిలుకు. మీ ఇంటి పొదుపంతా ఏడాదికి ఒకసారి వచ్చే ఆ బోనస్ మీదే ఆధారపడి ఉంది. అది రాక, జీతమూ ఆగితే మీ దగ్గర ఉన్నది నెలన్నర ఖర్చుకే సరిపోతుంది.

ఈ రంగంలో మెట్టు ఎక్కేకొద్దీ ఆదాయం పెరుగుతుంది, నిజమే. అయితే పెరిగేదంతా నగదు కాదు. అనలిస్ట్, అసోసియేట్ దశలో వచ్చేది దాదాపు అంతా నగదే, జీతమూ బోనసూ. వైస్ ప్రెసిడెంట్ దగ్గర, కొన్ని యూరప్ సంస్థల్లో ఇన్వెస్ట్‌మెంట్ మేనేజర్ అంటారు, చాలాచోట్ల క్యారీ మొదలవుతుంది. ప్రిన్సిపల్, డైరెక్టర్ అయ్యాక క్యారీ వాటా పెరుగుతుంది, దాంతోపాటే సొంత డబ్బు పెట్టాలన్న ఒత్తిడీ పెరుగుతుంది. పార్ట్‌నర్ల సంపదలో పెద్ద భాగం ఫండ్లలోనే ఉంటుంది, అమ్మకాలు జరిగితేనే బయటికొస్తుంది. మీరు ఇప్పుడు నగదు దశ దాటి నిరీక్షణ దశలోకి వచ్చారు. ఖర్చులు పెంచడానికి, అప్పు చేయడానికి ఇంతకంటే తప్పు సమయం ఉండదు.

మీ కాగితంలో ‘ఫండ్ రెండింతలైతే’ అన్న మాట కింద గీత గీయండి. అమెరికా ఫండ్లలో చాలావరకు ఒక్కో డీల్ అమ్ముడయ్యాక క్యారీ పంచే పద్ధతి ఉంది. యూరప్‌లో ఎక్కువగా నడిచేది మొత్తం ఫండ్ పద్ధతి. ఇన్వెస్టర్లు పెట్టిన అసలంతా, దాని మీద సాధారణంగా ఏడాదికి 8 శాతం చక్రవడ్డీ లెక్కన రాబడి వాళ్లకు తిరిగి వెళ్లాకే క్యారీ మొదలవుతుంది. ఒక డీల్‌లో మీ టీమ్ అద్భుతాలు చేసినా మిగతా డీల్స్ నత్తనడక నడిస్తే మీరు ఆగాల్సిందే.

ఒక చిన్న లెక్క చూడండి. ఇన్వెస్టర్లు 100 యూరోలు ఒకేసారి పెట్టారనుకుందాం. ఆరేళ్లకు 170 వచ్చాయి. 8 శాతం లెక్కన వాళ్లకు రావాల్సింది 159 దాకా ఉంటుంది కాబట్టి ఆ పైది క్యారీకి మిగులుతుంది. అదే 170 ఎనిమిదేళ్లకు వస్తే? అప్పటికి వాళ్లకు రావాల్సింది 185 అవుతుంది. క్యారీ సున్నా. కంపెనీలు అవే, అమ్మిన ధర అదే. రెండేళ్ల ఆలస్యం మొత్తం తినేసింది.

ఆ ఆలస్యం ఊహ కాదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీరేటు 2021 డిసెంబరు మొదట్లో 0.1 శాతం, 2023 ఆగస్టుకు 5.25 శాతం. అప్పుతో కంపెనీలు కొని అమ్మే ఈ వ్యాపారంలో ఆ దెబ్బకు అమ్మకాలు మందగించాయి. క్యారీ వస్తుందని ఎదురుచూసినవాళ్లు ఇంకా ఎదురుచూడాల్సి వచ్చింది. చివరికి వచ్చినా పన్ను ఉంది. 2026 ఏప్రిల్ 6 నుంచి బ్రిటన్‌లో క్యారీని వ్యాపార ఆదాయంగా లెక్కిస్తున్నారు. నిబంధనలకు సరిపోయిన క్యారీ మీద కూడా పై శ్లాబులో పడేది 34 శాతం పైచిలుకు. మీ 9 లక్షలు ఆ లెక్కన 6 లక్షల లోపే.

ఇక ఉద్యోగం మానేస్తే? క్యారీ మీ సొంతం కావడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో వెళ్లిపోతే మిగతాది సాధారణంగా పోతుంది. ఏ కారణంతో వెళ్లారన్నదాన్ని బట్టి కొన్ని ఒప్పందాల్లో వచ్చినదానికీ కోత పడుతుంది. కో-ఇన్వెస్ట్ లోన్ అలా పోదు. పైగా, ఉద్యోగం పోగానే మొత్తం కట్టేయమనే షరతు ఉందేమో చూసుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక డైరెక్టర్‌కి సరిగ్గా ఇదే జరిగింది. క్యారీ చాలావరకు పోయింది, లోన్ మాత్రం అలాగే మిగిలింది. తొమ్మిది నెలలు ఉద్యోగం లేకుండా ఆ దంపతులు పడిన టెన్షన్ నేను కళ్లారా చూశాను.

అందుకే మీకు నేను చెప్పే మొదటి పని, రెండో పని, మూడో పని కూడా అత్యవసర నిధే. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు పన్నెండు నెలలు కావాలి, 76,800 పౌండ్లు. ఎందుకంటే మీకు కష్టం ఒక్కటిగా రాదు. మార్కెట్ పడితే బోనస్ తగ్గుతుంది, క్యారీ వెనక్కి జరుగుతుంది, ఉద్యోగానికి ప్రమాదం వస్తుంది, కో-ఇన్వెస్ట్‌కు డబ్బు కట్టమనే నోటీసు మాత్రం ఆగదు. ఉద్యోగం పోతే మీ వీసా గడువును సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం మీ వీసాకు వర్తించదు. పాపను ఎత్తుకుని, అద్దె ఒప్పందం మధ్యలో, 9,000 పౌండ్లతో ఆ 60 రోజులు ఎలా గడుపుతారు? రాత్రి కూర్చుని మీ ఆవిడతో కలిసి ఈ ఒక్క లెక్క వేయండి.

రాబోయే బోనస్ మొత్తం ఈ నిధిలోకే. ఆ తర్వాతి బోనస్‌లోంచి 25,000 కూడా. అప్పటికి నిధి నిండుతుంది. ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే సేవింగ్స్ అకౌంట్‌లో పెట్టండి, పౌండ్లలోనే. మీ ఖర్చు పౌండ్లలో ఉంది కాబట్టి దీన్ని గుంటూరు ఎఫ్‌డీలో పెట్టకండి.

ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయనే లేదు. ఆఫీసు కవర్ ఉందని ధీమా అయితే, ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. మీ పేరున సొంత టర్మ్ పాలసీ, జబ్బు చేస్తే నెలనెలా వచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ ఈ నెలలోనే తీసుకోండి. ఒప్పందంలో అంతకంటే మెరుగ్గా లేకపోతే చట్టప్రకారం వచ్చే సిక్ పే వారానికి 120 పౌండ్ల దరిదాపే.

నాన్నగారి ఇంటి విషయం. 75,000 పౌండ్లంటే 85 లక్షల రూపాయల పైమాటే. 85 లక్షలకు 10 శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నెలకు లక్షా పన్నెండు వేలు. మీకు మిగిలేది వంద పౌండ్లు. ఎవరు కడతారు, ఆయన పెన్షనా? పైగా ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియాలో ఉండేవాళ్లు విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద విదేశీ పెట్టుబడికి పంపే డబ్బుకు బ్యాంకులు అప్పివ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. ఇంకేదో కారణం చూపించి లోన్ తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పెద్దాయనతో అబద్ధం సంతకం పెట్టించడం అవుతుంది.

కో-ఇన్వెస్ట్‌ను పూర్తిగా వదలమనడం లేదు. మీ స్థాయికి తప్పనిసరి కనీసం ఎంతో హెచ్‌ఆర్‌ను అడగండి, అంతే పెట్టండి, అదీ రెండో బోనస్‌లో మిగిలే 17,000లోంచి. పెన్షన్‌లో వేసి లక్ష దాటిన జీతం మీద పడే 60 శాతం పన్ను పోటు తగ్గించుకోవడం మంచిదే, నిధి నిండాక చూద్దాం. ఐసా (బ్రిటన్‌లో రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతా) కూడా ఆ తర్వాతే.

సంతకానికి ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తెచ్చుకోండి. మీరు రాజీనామా చేస్తే ఏ ఏడాదికి ఎంత క్యారీ మిగులుతుంది? ఫండ్ నష్టపోతే ఆ బ్యాంకు లోన్ మీ సొంత ఆస్తుల మీదికి వస్తుందా? ఆ జవాబులు రాగానే నాకు మళ్లీ రాయండి. ఈలోగా నాన్నగారికి ఫోన్ చేసి, ఇంటి కాగితాలు బ్యాంకుకు తీసుకెళ్లొద్దని చెప్పండి.