టేకు అడవిలో లేజర్ సర్వేను నమ్మవచ్చా? నెల చూసి నమ్మండి

దట్టమైన అడవి కింద నేల ఎత్తు, విమానం నుంచి కిరణాలు వదిలి అవి తగిలి తిరిగివచ్చేదాన్ని బట్టి కొలిచే లేజర్‌కు నిజంగా అందుతుందా, ఏ యంత్రం మంచిది అని అడిగారు. యంత్రం సంగతి తర్వాత, ఏ నెలలో ఎగిరారో ముందు కనుక్కోండి.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. అటువంటి ఒక సర్వేకు, విమానం కొలత సరిచూసుకునేందుకు నేల మీద గుర్తులు పెట్టాను. చేలల్లో సున్నంతో పెద్ద ప్లస్ గుర్తు వేసి, జీపీఎస్‌తో దాని ఎత్తు కొలవాలి. అది చూసి ఒక పెద్దమ్మ "ఏమయ్యా, ఈ చేను కూడా పోతుందా?" అని నిలదీసింది. ఆమె తప్పేముంది? మాట్లాడేది తెలుగు, సాత్‌బారా అనే భూమి కాగితం ఉండేది మరాఠీలో. కొలత అంటే భూమి పోవడమే అనుకుంటారు.

విమానం వచ్చింది వానలు వెనకబట్టగానే. అప్పుడు టేకు నిండా ఆకే. ఒక్క ఆకు పరిస్తే మనిషి అన్నం తినవచ్చు. లేజర్ ఆకును చీల్చుకుని పోదు, సందు దొరికితేనే దిగుతుంది. ఒకే కిరణం కొమ్మకు, పొదకు, నేలకు తగిలి పలుమార్లు తిరిగివస్తుందన్నది నిజమే. ఆఖరుగా తగిలింది నేలేనని పూచీ ఎవరిది? మా డేటాలో నిజంగా నేలకు తగిలిన చుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి. సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి చదును చేసేసింది. ఆ పటంతో అడవిలోకి వెళితే, దారి చూపడానికి వచ్చిన పశువుల కాపరి తాత "ఇందులో మన వాగేదయ్యా?" అన్నాడు. మేము మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాం.

మార్చి, ఏప్రిల్‌లో టేకు మోడుగా ఉంటుంది, గోదావరిలో ఇసుక తేలుతుంది. నేల సర్వేకు ఎక్కువగా వాడే పరారుణ లేజర్‌ను నీరు మింగేస్తుంది కాబట్టి నది ఎండితేనే దాని అడుగు తెలిసేది. ఆకుపచ్చ లేజర్ నీళ్లలోకి దిగుతుంది గానీ బురద నీటిలో అదీ అంతే.

2000లో అంతరిక్ష షటిల్ రాడార్ తీసిన ఎత్తులు ఉచితంగా దొరుకుతాయి కదా అని వాటితో వరద పటాలు గీసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అడవిలో అది నేల ఎత్తు కాదు, చాలావరకు చెట్ల ఎత్తు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు చూశాం, ఈ చదును చేలల్లో మూరెడు తేడా ఉంటే నీళ్లు ఎంత దూరం పోతాయో.

టెండరులోనే నెల రాయించండి. ఆ ఎండాకాలం నెలల్లో ఇప్పపూల కోసం పెట్టే నిప్పు పొగ అడ్డమంటే ఒప్పుకుంటాను, పొగ తగ్గిన రోజు ఎగరాలి. ఎండ మాత్రం సాకే. లేజర్‌కు వెలుతురుతో పనిలేదు, రాత్రి ఎగిరినా కొలుస్తుంది.